కళింగరేవు నుంచి కళింగరేవుకు

ఉత్తరం ఆలస్యంగా అందితే సంజాయిషీ అడుగుతారు. పోతే అడుగుతారు. తడిస్తే అడుగుతారు, చిరిగితే అడుగుతారు, ఎలుక కొరికితే ఎలుక పేరు కూడా అడుగుతారు. కానీ ఉత్తరం ఎవరికి రాశారో ఆ మనిషికే, ఆ మనిషి చేతికే, వచ్చిన రోజునే అందిందని నన్ను సంజాయిషీ అడిగారు. ఇన్నేళ్ళ సర్వీసులో అలాంటి కాగితం నేను చూడలేదు. ఇంటికి తీసుకెళ్ళి మా ఆవిడకి చూపిస్తే, "మళ్ళీ ఏం చేశారు?" అంది. ఏమీ చేయలేదు మహాతల్లీ, ఉద్యోగం చేశాను అన్నాను. నమ్మలేదు. మీరైనా నమ్ముతారేమోనని మొదటినుంచీ చెబుతున్నాను.

నా పేరు లోకనాథం. కళింగరేవు సబ్ పోస్టుమాస్టర్ని. ఊరి పేరులో రేవు ఉంది గానీ ఊళ్ళో రేవు లేదు. ఎప్పుడో డచ్చివాళ్ళ కాలంలో ఉండేదట. ఇప్పుడు ఒక లైట్‌హౌసు, ఒక ఐసు ఫ్యాక్టరీ, చేపలు ఎండబెట్టుకునే ఇసుక, నా పోస్టాఫీసు ఉన్నాయి. అయినా ఒకప్పుడు మా ఊరి పేరు ఒక యుద్ధనౌకకి పెట్టారు. మామూలు నౌక కాదు, డిస్ట్రాయరు. ఢిల్లీలో ఎవరో పెద్దమనిషి పాత మ్యాపులో ఆ పేరు చూసి ముచ్చటపడి ఉంటాడు. ఆ రోజున ఊళ్ళో మేళతాళాలతో ఊరేగింపు చేశారట. ఓడ మాత్రం మా ఊరికి ఎప్పుడూ రాలేదు. వస్తే ఆపడానికి చోటేదీ?

ఆ ఓడ యుద్ధానికి వెళ్ళింది. ఓడ నిండా దేశం నలుమూలలవాళ్ళూ ఉన్నారు గానీ కళింగరేవు ఓడలో కళింగరేవు మనిషి ఒక్కడే. మైలపల్లి దానయ్య. బాయిలరు గదిలో మంట చూసుకునే స్టోకరు. అప్పటికి అతనికి పెళ్ళయి నెల తిరగలేదు. భార్య బంగారమ్మ ఐదో తరగతి దాకా చదువుకున్న మనిషి, ఆ వాడలో అది పెద్ద చదువే. యుద్ధం అయింది, మనం గెలిచాం, ఓడ క్షేమంగా తిరిగొచ్చింది, ఆ తర్వాత కొన్నేళ్ళకి దాన్ని తుక్కు కింద అమ్మేశారు. దానయ్య కూడా క్షేమంగా తిరిగొచ్చాడు. సంచీ భుజాన వేసుకుని ఇంటికి రాగానే, గుమ్మంలో నిలబడి బంగారమ్మ అడిగిన మొదటి మాట ఇది.

"అన్ని నెలలెలిపోయి ఒక్క ఉత్తరం ముక్క రాయనేకపోనావా?"

"రాసేనే."

"రాస్తే ఏదీ?"

అంతే. యాభై ఏళ్ళు దాటిపోయింది. ఆ ఇంట్లో ఏ తగువు ఎక్కడ మొదలైనా అక్కడికే వచ్చి ఆగుతుంది. పులుసులో ఉప్పెక్కువైంది అంటాడు దానయ్య. ఉత్తరం రాయనోడికి ఉప్పు సంగతెందుకు అంటుంది బంగారమ్మ. కూతురికి సంబంధం చూసి, కుర్రాడు మాట మీద నిలబడేవాడు అంటాడు. నీలాగేనా, రాసేను రాసేను అంటాడా అంటుంది. వీధివీధంతా వినేలా అంటుంది. ఆ వాడలో పిల్లలు అబద్ధమాడితే, 'దానయ్య ఉత్తరం' అనడం అలవాటైపోయింది.

పాపం దానయ్య రోజూ పేపరు చదవడానికి మా వరండాలోకి వస్తాడు. వచ్చినప్పుడల్లా కిటికీలోంచి తొంగిచూసి, "మేస్టారూ, నాది పాతుత్తరం ఒకటి రావాల, వచ్చిందేటి?" అని అడుగుతాడు. నేను ఈ ఊరు వచ్చిన కొత్తలో నవ్వాను. తర్వాత్తర్వాత నవ్వలేకపోయాను. ఒకరోజు దగ్గరకొచ్చి మెల్లిగా చెప్పాడు. "నాకు ఎనభై దాటిపోనాయి బాబూ. సచ్చీలోగా ఆ ఉత్తరం దాని సేతిలో ఎట్టాల. అబద్దాలోడినన్న మాట మోసుకుని ఎలిపోడం నాకిష్టం నేదు."

ఆ ఉత్తరం దొరికింది.

జిల్లా కేంద్రంలో పాత తపాలా గోనెసంచులు పారేస్తుంటే దొరికింది. పారేయనివ్వకుండా పట్టుకున్నది డాక్టర్ అక్షింతల చక్రధర్ గారు. ఆయన పళ్ళ డాక్టరు, కానీ పళ్ళు ఆయనకి జీవనోపాధి మాత్రమే. ప్రాణమంతా స్టాంపుల మీద, పాత కవర్ల మీద. జిల్లా ఫిలాటెలీ సంఘానికి ఆయనే అధ్యక్షుడు. ఆ కవరు మీద 'శ్రీమతి మైలపల్లి బంగారమ్మ, బోర్డు స్కూలు వెనక' అని ఉంది. కింద ఊరి పేరు ఉండాల్సిన చోట నల్లటి సిరా పట్టీ ఉంది. పంపినవారి చిరునామాలోనూ అంతే పట్టీ ఉంది. డాక్టరుగారు పళ్ళు చూసే లైటు వేసి, భూతద్దం పెట్టి, పట్టీ కింద అక్షరాలు చదివారు. పైన కళింగరేవు. కింద కళింగరేవు.

అప్పుడు అర్థమైంది జరిగిందేమిటో. యుద్ధకాలంలో ఓడ పేరు శత్రువు కంట పడకూడదని, ఆ పేరు ఏ కవరు మీద కనిపించినా సిరా పూసేయమని ఉత్తర్వు ఉండేదట. ఆ పేరుతో ఒక ఊరు కూడా ఉందని ఉత్తర్వు రాసినవాళ్ళకి తోచలేదు. పూసేవాళ్ళకి తోచినా, ఉత్తర్వులో లేదు కదా! శత్రువుకి మా ఊరు ఎక్కడుందో తెలియకుండా కాపాడారు. పోస్టుమాన్‌కి కూడా తెలియలేదు. ఆ చలికాలమంతా ఊరికి ఉత్తరాలు రాలేదని పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. యుద్ధమంటే అలాగే ఉంటుంది కాబోలు అనుకున్నారట. దానయ్య ఉత్తరం మాత్రం ఊరు వెతుక్కుంటూ దేశమంతా తిరిగింది. కవరు వెనక ముద్ర మీద ముద్ర. కొచ్చిన్ వెళ్ళింది, నాగపూర్ వెళ్ళింది, గౌహతి వెళ్ళింది, ఎందుకో రెండోసారి నాగపూర్ వెళ్ళింది.

జిల్లా ఆఫీసు నుంచి ఫోనులో ఈ మాట వినగానే నేను చెప్పులు కూడా వేసుకోకుండా దానయ్య ఇంటికి పరుగెత్తాను. ముసలాయన గోడ పట్టుకుని కూర్చుండిపోయాడు. "విన్నావేటి? రాసేనా నేదా?" అని ఇంట్లోకి కేకేశాడు. లోపల్నుంచి, "కళ్ళారా సూస్తే అప్పుడు సెప్తాను" అని జవాబొచ్చింది. మర్నాడే ముగ్గురం జిల్లా కేంద్రానికి బస్సెక్కాం.

మా సూపరింటెండెంటు త్రిపురాంతకరావుగారు. తనిఖీకి వస్తే బీరువా కింద కూడా వంగి చూసే మనిషి. ముప్పై ఏళ్ళపాటు ఆయనకి ఒక్కటే మాట: వచ్చిన ఉత్తరం వచ్చిన రోజే బట్వాడా కావాలి. అందుకే ధైర్యంగా వెళ్ళాను. ఆయన టేబుల్ మీద కొత్తగా ఒక అద్దాల పెట్టె ఉంది. అందులో నల్లటి మఖ్‌మల్ గుడ్డ మీద ఉత్తరం ఉంది. పక్కన చేతికి రబ్బరు తొడుగులతో పళ్ళ డాక్టరుగారు నిలబడి ఉన్నారు.

"సార్, ఆ ఉత్తరం మా ఆఫీసుకి పంపిస్తే నేనే స్వయంగా..." అని మొదలుపెట్టాను.

"మిస్టర్ లోకనాథం," అన్నారు సూపరింటెండెంటు, "విషయ గాంభీర్యం మీకు బోధపడినట్టు లేదు. ఆ డిస్ట్రాయరు నుంచి యుద్ధకాలంలో వెలువడిన ఆర్టికల్స్‌లో, అనగా ఉత్తరాల్లో, నేడు లభ్యమవుతున్నది ఇదొక్కటే. మరి ఇది ఎందుచేత లభ్యమవుతోంది?"

"ఎందుచేత సార్?"

"బట్వాడా కానందుచేత! బట్వాడా అయిన ఉత్తరాలన్నీ ఏమయ్యాయి? చదివారు, చింపారు, పొయ్యిలో పెట్టారు. బట్వాడా కానిది మాత్రమే చరిత్రగా నిలిచింది. అటువంటి ఆర్టికల్‌ని ఈ దశలో బట్వాడా చేయడమంటే యాభై ఏళ్ళ శాఖా కృషిని ఒక్క నిమిషంలో నేలపాలు చేయడం."

"పైగా విప్పని కవరు!" అన్నారు డాక్టరుగారు. "పంటి మీద ఎనామెల్ పోతే మళ్ళీ వస్తుందా? ఇదీ అంతే. అమ్మా, కొంచెం దూరంగా నిలబడండి. ఊపిరి అటు వదలండి."

బంగారమ్మ ఊపిరి అటూ వదలలేదు, ఇటూ వదలలేదు. అద్దం మీదకి వంగి చాలాసేపు చూసింది. దానయ్య ఆవిడ మొహం వైపే చూస్తున్నాడు. పరీక్ష ఫలితాలు చదివేటప్పుడు పిల్లవాడు మేష్టారి వైపు చూస్తాడే, అలా.

"సేతిరాత ఈ మడిసిదే," అంది చివరికి.

"మరి!" అన్నాడు దానయ్య.

"మరేటి మరి? లోపల ఏటున్నాదో ఎవులికి తెలుసు? ఒట్టి కవరంటించి పడీసుంటావు."

దానయ్య మొహం మాడిపోయింది. ఆ పూట ఆయన గెలవాల్సింది. సగం గెలిచి ఓడిపోయాడు. "బాబూ, నాను రాసిందే కదా, నాకే తిరిగి ఇచ్చీండి. నాను ఇప్పి దీనికి సూపించీసుకుంటాను," అన్నాడు చేతులు జోడించి.

సూపరింటెండెంటుగారు ఎంతో ఉదారంగా తలూపారు. "అడిగారు గనుక చెబుతున్నాను. పంపినవారు ఉత్తరం వెనక్కి తీసుకునే సదుపాయం శాఖ కల్పించింది. అయితే దరఖాస్తు పంపినవారి చిరునామా నుంచే రావాలి. తమ చిరునామా ఆ ఓడ. కనుక ఓడ కెప్టెన్‌గారి ద్వారా పంపుకోండి."

"ఓడని తుక్కు కింద కొట్టీసినారు కదా బాబూ."

"అది రక్షణ శాఖ వ్యవహారం. రెండోది, ఉత్తరం మీదేనని రుజువుకి లోపలి విషయం రాసివ్వాలి. మీరు రాసింది, లోపల ఉన్నది ఒకటేనా అని మేము సరిచూడాలి. సరిచూడాలంటే విప్పాలి. విప్పడానికి వీల్లేదు. చూశారా, నిబంధన మీకు పూర్తిగా అనుకూలంగానే ఉంది. పరిస్థితులే లేవు."

తిరుగు బస్సులో ఇద్దరూ చెరో సీట్లో కూర్చున్నారు. నాకు కడుపు మండిపోయింది. కానీ నా మంట చల్లారకముందే విషయం నా చేతులు దాటిపోయింది, ఎందుకంటే ఆ ఉత్తరం ఫోటో హెడ్డాఫీసుకు చేరింది.

హెడ్డాఫీసులో దాన్ని చూసి పరవశించిపోయారట. ఇలాంటివి రాష్ట్రంలో ఇంకెన్ని ఉన్నాయని వాకబు చేస్తే, లేవని తేలింది. ఎందుకు లేవు? మిగతా ఉత్తరాలన్నీ బాధ్యత లేకుండా బట్వాడా చేసేశారు కనుక. గతం ఎలాగూ పోయింది, భవిష్యత్తునైనా కాపాడుకుందామని 'భావి వారసత్వ పథకం' అని ఒక సర్క్యులర్ వచ్చింది. ఇప్పటి నుంచి ప్రతి పోస్టాఫీసూ నెలనెలా కొన్ని ఉత్తరాలను ఎంపిక చేసి, బట్వాడా చేయకుండా, గాలి చొరని పెట్టెలో భద్రపరచాలి. యాభై ఏళ్ళ తర్వాత మన మనవలు వాటిని చూసి గర్విస్తారు. 'మనం రాబోయే తరానికి ఏమి మిగులుస్తున్నాము?' అని సర్క్యులర్ చివర బొద్దుగా రాసి ఉంది. ఎంపికలో భావోద్వేగ విలువ ఉన్నవాటికి ప్రాధాన్యం ఇవ్వాలట. ఉద్యోగ నియామక పత్రాలు, శుభలేఖలు, కోర్టు తీర్పులు శ్రేష్ఠం.

ఈ సంగతి బయటికి పొక్కింది. మర్నాటికల్లా నా కిటికీ ముందు జనం. ఐసు ఫ్యాక్టరీ మేనేజరు తన బ్యాంకు నోటీసులన్నీ వారసత్వంలో వేయమని బతిమాలాడు. కరెంటు బిల్లులు ఇస్తామని వాడవాడంతా వచ్చింది. అత్తగారి ఉత్తరాలన్నీ జాతికి అంకితం చేస్తానని ఒకావిడ చెవిలో చెప్పింది. వారసత్వం మీద మా ఊళ్ళో అంత ఆసక్తి ఉందని నాకు తెలియదు.

నేను మాత్రం ఆ పెట్టె తెరవలేదు. మా పోస్టువుమన్ దమయంతి అసలే తెరవనివ్వదు. ఆ పిల్ల పొద్దున్నే సంచీ నింపుకుని సైకిలెక్కితే సాయంత్రానికి సంచీ దులిపి చూపిస్తుంది. రెండో నెలలో ఆమెకి మెమో వచ్చింది. 'మీ బీటులో వారసత్వ సృష్టి శూన్యంగా ఉన్నది. అందిన ప్రతి ఆర్టికల్‌ను విచక్షణారహితంగా బట్వాడా చేయుచున్నట్లు గమనించడమైనది.'

దమయంతికి ఏడుపొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. "ఇవ్వొద్దంటే నన్నెందుకు పెట్టుకున్నారు సార్?" అంది.

"ఆ ప్రశ్న రాతపూర్వకంగా మాత్రం అడక్కు," అన్నాను. "నిజంగానే ఆలోచిస్తారు."

ఆ నెల వారసత్వ షీల్డు పక్క మండలం ఆఫీసుకి వచ్చింది. వాళ్ళు మెయిలు సంచీని సంచీగానే కాలవలో పడేసుకున్నారు. అంతకుముందైతే సస్పెండు చేసేవాళ్ళు. ఇప్పుడు ఆ పోస్టుమాస్టరుకి దండ వేసి, ఒకే రోజున ఇంత చేయడం ఎలా సాధ్యమైందో అనుభవాలు పంచుకోమన్నారు. అతను సిగ్గుపడుతూ అంతా సిబ్బంది సహకారం అన్నాడు.

ఈ గొడవలో పడి నేను ఒక సంగతి ఆలస్యంగా గమనించాను. వరండాలో దానయ్య కనిపించడం లేదు. ఒకరోజు బంగారమ్మే వచ్చింది, ఎప్పుడూ పోస్టాఫీసు గడప ఎక్కని మనిషి.

"మేస్టారూ, ఆయన కూడు సరిగ్గా తినట్నేదు. నాతో మాటాడ్డం మానీసేడు. ఒట్టి కవరన్నానని మనసులో ఎట్టీసుకున్నాడు."

"మరి నువ్వు ఊరుకోవచ్చు కదమ్మా?"

"ఊరుకుందునే. ఊరికే అన్నానండీ, నోటికొచ్చీసింది. నాకూ ఉంటాది కదా బాబూ! కొత్త పెళ్ళికూతుర్ని. రోజూ గుమ్మంలో కూకుని పోస్టోడి కోసం సూసేను. ఈదిలో అందరూ నవ్వీవోరు. మొగుడు మరిసిపోనాడే అనీవోరు." ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "లోపల ఒక్క ముక్క ఉంటే సాలు. ఉన్నాదని నానే సెప్తాను ఈదిలో అందరికీ. నా తప్పే అంటాను. ఇప్పించండి బాబూ. ఆయనకి బాగునేదు."

ఎలా ఇప్పించను? నా చేతిలో ఏముంది? సరిగ్గా అప్పుడే ఆ ఉత్తరం మా ఊరు వస్తోందని వర్తమానం వచ్చింది. ఓడ పేరిట ప్రత్యేక కవరు విడుదల చేస్తున్నారట. ఓడ లేదు కనుక, అదే పేరుగల ఊళ్ళో, నా పోస్టాఫీసు ముందే చేయాలని నిర్ణయమైంది.

షామియానా వేశారు. వేదిక మీద ఓడ థర్మోకోల్ బొమ్మ పెట్టారు. హెడ్డాఫీసు నుంచి చీఫ్‌గారు స్వయంగా వచ్చారు. అద్దాల పెట్టె జీపులో పోలీసు కాపలాతో వచ్చింది. దానయ్యని, బంగారమ్మని వేదిక మీద కూర్చోబెట్టి శాలువాలు కప్పారు. దానయ్య బాగా చిక్కిపోయాడు. శాలువా కింద మనిషి ఉన్నాడా అన్నట్టున్నాడు. మధ్యలో చిన్న బల్ల మీద ఉత్తరం. చెయ్యి చాపితే అందుతుంది.

సూపరింటెండెంటుగారు మైకందుకున్నారు. "సభకు నమస్కారం. పంపినవారు ఇక్కడే ఉన్నారు. చిరునామాదారు ఇక్కడే ఉన్నారు. ఉత్తరం ఇక్కడే ఉంది. ఈ ముగ్గురూ ఒకే వేదిక మీద ఉండి కూడా బట్వాడా కాకపోవడం ప్రపంచ తపాలా చరిత్రలోనే ప్రథమమని సవినయంగా మనవి చేస్తున్నాను."

చప్పట్లు మోగాయి. దానయ్య తల దించుకున్నాడు. బంగారమ్మ ఆయన చెయ్యి మీద చెయ్యి వేసింది. ఆయన తీసేసుకున్నాడు.

చీఫ్‌గారు ప్రత్యేక కవర్ల మీద ముద్రలు వేశారు. ఫోటోలవాడు ఇంకోసారి సార్ అంటే ఇంకోసారి వేశారు. ఆయనకి ముద్ర వేయడం బాగా నచ్చినట్టుంది, ఇంకా కవర్లున్నాయా అని చుట్టూ చూశారు. అప్పుడే పళ్ళ డాక్టరుగారు తొడుగుల చేతులతో పెట్టె తెరిచి, ఉత్తరాన్ని పట్టకారుతో తిప్పి, వెనక ముద్రలన్నీ చీఫ్‌గారికి చూపిస్తున్నారు. "కొచ్చిన్, నాగపూర్, గౌహతి... దేశమంతా ఉందండీ. లేనిదల్లా ఒక్కటే. కళింగరేవు ముద్ర!" అంటూ ఆయన ఆగిపోయారు. కళ్ళు మెరిశాయి. సంఖ్య పూర్తి కాకపోతే నిద్రపట్టని జాతి వాళ్ళది. "ఇక్కడ సరిగ్గా ఒక ముద్రకి చోటుంది సార్. తమ అమృతహస్తాలతో అదొక్కటి పడితే సెట్ పూర్తవుతుంది!"

"తప్పకుండా," అన్నారు చీఫ్‌గారు. "ముద్ర ఏదీ?"

నన్నడిగారు, ఇచ్చాను. మా ఆఫీసు తేదీ ముద్ర, ఆ పొద్దున తేదీ మార్చినదే. చీఫ్‌గారు దాన్ని సిరా మెత్త మీద అద్ది, పట్టుదలగా, ఢమ్మని వేశారు. మా ఊరి పేరు అక్షరం అక్షరం స్పష్టంగా పడింది. డాక్టరుగారు కళ్ళు తుడుచుకున్నారు.

తర్వాత జరిగింది నేను చేసింది కాదు. సంజాయిషీలో కూడా అదే రాశాను. సూపరింటెండెంటుగారు ఫోటో కోసం ఉత్తరం చేతిలోకి తీసుకున్నారు. అలవాటుగా వెనక్కి తిప్పారు. అలవాటుగా కళ్ళజోడు సవరించుకుని ముద్ర చూశారు. ఇవాళ్టి తేదీ. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. ముప్పై ఏళ్ళ తనిఖీ ఆ మొహంలోకి వచ్చేసింది.

"లోకనాథం! ఇవాళ పొద్దున ఆఫీసుకి చేరిన ఆర్టికల్ ఇంకా బల్ల మీదే ఉందేమిటి?" మైకు ఆయన నోటి ముందే ఉంది, ఆ గద్దింపు ఊరంతా వినిపించింది. "బట్వాడా సిబ్బంది నిద్రపోతున్నారా? చిరునామాదారు ఊళ్ళో లేరా?"

"ఉన్నారు సార్. మీ పక్క కుర్చీలో."

"మరి ఇవ్వరేం?"

అనేశాక ఆయనకే వినిపించింది తానేమన్నారో. కానీ చీఫ్‌గారు కూడా విన్నారు. కింద ఉద్యోగి సభాముఖంగా ఎత్తిచూపిన లోపాన్ని సరిచేయకపోతే అది పైవాళ్ళ మెడకి చుట్టుకుంటుంది. "ఔనౌను, ఇవ్వరేం?" అన్నారు ఆయన కూడా. దమయంతి ఇంక ఆగుతుందా? మెట్లెక్కి వచ్చి, సూపరింటెండెంటుగారి చేతిలోంచి ఉత్తరం తీసుకుని, రోజూ గుమ్మాల ముందు అనే గొంతుతోనే అంది.

"మైలపల్లి బంగారమ్మ గారూ, ఉత్తరం!"

"విప్పకండమ్మా!" అని డాక్టరుగారు అరిచేలోపు బంగారమ్మ వేలు దూర్చి చర్రున చింపేసింది. డాక్టరుగారు పన్ను పీకినట్టు దవడ పట్టుకుని కూర్చుండిపోయారు.

లోపల కాగితం ఉంది. ఒట్టి కవరు కాదు. బంగారమ్మ మడత విప్పి పైకెత్తింది. కాగితానికి నాలుగు అంచులూ ఉన్నాయి గానీ మధ్యలో ఏమీ లేదు. ఎవరో బ్లేడుతో నీటుగా కోసి తీసేశారు. పైన తేదీ, కింద దానయ్య సర్వీసు నంబరు, పక్కన సెన్సారు ముద్ర, అంతే మిగిలాయి.

"మా ఓడలో ఉత్తరాలు సూసే ఆఫీసరుకి మన బాస రాదు," అన్నాడు దానయ్య. "ఇప్పిన ఉత్తరమే ఆయనకిచ్చీవోళ్ళం, ఆయనే సూసి అంటించీవోడు. తెలీనిదల్లా కోసీమని రూలు."

బంగారమ్మ కాగితం మధ్య కోసేసిన ఆ కిటికీలోంచి మొగుడిని చూసింది. "రాసేవు," అంది. "సరే. రాసేవు. ఈదిలో అందరికీ సెప్తాను. ఏటి రాసేవు?"

"ఇప్పుడెందుకే. ఒగ్గీ."

"సెప్పు."

దానయ్య శాలువా అంచు నలుపుతూ కూర్చున్నాడు. మైకు ఎదురుగానే ఉందన్న సంగతి ఇద్దరూ మరిచిపోయారు. "ఓడలో అందరికీ ఇళ్ళకాడ్నుంచి, నేవీ పోస్టు నంబరు మీద, ఉత్తరాలొస్తన్నాయి. నాకు ఒక్కటీ రానేదు. నన్ను మరిసిపోనావేటి అని రాసేను."

"ఓలమ్మో!" అంది బంగారమ్మ. "నాను రాయనేదా? వారం వారం రాసేను కదయ్యా! ఆ నంబరేటో నాకెవులు సెప్పినారు, ఓడ పేరు ఏసి, నీ పేరు ఏసి, ఈ సేతుల్తో డబ్బాలో ఏసేను!"

"ఓడ పేరు ఏస్తే దాని మీదా సిరా ఎట్టీసుంటారు. నాకు ఒక్కటీ అందనేదే."

"మరి ఇన్నేళ్ళు ఒక్కసారి అడగనేదేం?"

"ఎప్పుడడగను? నాను గుమ్మమెక్కకముందే నువ్వడిగీసేవు. ఇంక నాకు సందేదీ?"

బంగారమ్మకి నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. యాభై ఏళ్ళు ఆ పెద్దమనిషిని వీధిలో పెట్టి దులిపేసిన ఆవిడ, ఆయన భుజం మీద తల పెట్టి అందరి ముందూ ఏడ్చింది. ఆయన ఈసారి చెయ్యి తీసుకోలేదు. నా కళ్ళు కూడా చెమర్చాయి, దాచుకోవడం దేనికి? వెంటనే ఒళ్ళు మండింది కూడా. ఎవరి మీద అంటే, సంజాయిషీలో రాయదగిన జవాబు నా దగ్గర లేదు.

ఈలోగా సూపరింటెండెంటుగారికి స్పృహ వచ్చింది. "వారం వారం!" అన్నారు మెల్లిగా, కలలో మాట్లాడుతున్నట్టు. "డాక్టరుగారూ, విన్నారా? వారం వారం! అంటే ఇంకా బట్వాడా కానివి ఉన్నాయి! ఓడకి వెళ్ళేవి! ఇంతకన్నా అరుదు!" దవడ పట్టుకున్న డాక్టరుగారు ఒక్క ఉదుటున లేచారు. సూపరింటెండెంటుగారు కాగితం, కలం తీసి బంగారమ్మ ముందు వంగారు. "అమ్మా, శాఖా రికార్డుల నిమిత్తం అడుగుతున్నాను. ఆ ఉత్తరాల్లో తాము రాసిన విషయం ఏమిటి?"

బంగారమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. కాగితం అంచుల్ని జాగ్రత్తగా మడిచి జాకెట్లో దోపుకుంది. "అవి ఆయనకి రాసినవి బాబూ. మీకేటికి?" అంది. తర్వాత మొగుడి రెక్క పట్టుకుని లేపింది. "నెగు. ఇంటికెల్దాం. ఒక్కోటీ సెప్తాను."

ఇద్దరూ శాలువాలు కుర్చీల మీద వదిలేసి, షామియానా దాటి, బోర్డు స్కూలు వైపు నడిచారు. దారి పొడుగునా ఆవిడ చెబుతూనే ఉంది. దానయ్యకి కుడిచెవి సరిగ్గా వినపడదు, ఎడమచెవి ఆవిడ వైపు వంచి నడుస్తున్నాడు. ఒకచోట ఆగి ఆవిడ మొహం చూశాడు. మళ్ళీ నడిచాడు.

సూపరింటెండెంటుగారు కలం పట్టుకుని వేదిక అంచుదాకా వచ్చి నిలబడ్డారు. "లోకనాథం, ఏం చెబుతోందయ్యా ఆవిడ? నీకేమన్నా వినపడుతోందా?"

"లేదు సార్," అన్నాను. "ఆయనకి వినపడుతోంది."